వసై ఖాడిలో బిగించిన తాడు

ఆషాఢ అమావాస్య... పొద్దు పొడవని ఘడియ. కామాటిపురాలో వరస గదుల చాల్‌లోని మా గదిలో ఆ రోజు నలుగురం ఉన్నాం. పెద్దమ్మ గంగాబాయి, ఆమె కూతురు సపనక్క, మాంత్రికుడు బుచ్చయ్య, ఊళ్లో పదో తరగతి చదివి పట్నం వచ్చిన నేను. బుచ్చయ్య సంచిలో ఒక కపాలం!

మూడు నెలలుగా అక్క మగగొంతుతో అరుస్తోంది. తన ముఖాన్ని తానే గీరుకుంటోంది. గ్రాంట్ రోడ్‌లో రైలెక్కడం నేర్పిన అక్క... "గావ్‌వాలీ", పల్లెటూరిదానా, అంటూ నా జడ లాగే అక్క... ఆ కళ్లలో లేదు.

"పారే నీళ్ల మీద, కదలని పడవల పట్టిన దయ్యాన్ని దింపుత," అన్నాడు బుచ్చయ్య. "మిట్టమధ్యాహ్నం దాంక పడవ కదిలితే, నీ బిడ్డ నీకు దక్కది గంగాబాయీ. తల్లి చూపు తగలొద్దు. నువ్వు ఇంట్లనే ఉండు."

తెల్లారేసరికి ముగ్గురం వసై ఖాడికి, నది సముద్రంలో కలిసే చోటుకి, చేరాం. నీళ్లు అడుగంటి ఉన్నాయి. మంగేష్ అనే కోలీ జాలరి పడవ కిరాయికి ఇచ్చాడు. కట్టింది నేనే. కృష్ణ ఒడ్డున మా నాయన పడవను రోజూ కట్టినదాన్ని. పడవ రెండు కొసలనూ నీళ్లలో పాతిన రెండు గుంజల మొదట్లో, ఇసుమంత వదులు లేకుండా బిగించాను.

"తాడు ఢీలా ఛోడ్, పోరీ. భర్తీ ఆయేగీ," అన్నాడు మంగేష్. తాడు వదులుగా ఉంచాలట, సముద్రం పోటెత్తుతుందట, నీళ్లు నిలువెత్తు లేస్తాయట.

"నదిని నువ్వే కన్నవా? పో, చాయ్ తాగిరా," అని బుచ్చయ్య అతణ్ని తరిమేశాడు. నేనూ నమ్మలేదు. మా కృష్ణ పూటపూటకూ పెరిగే నది కాదు.

బుచ్చయ్య అక్కను పడవ బల్లకు కట్టి, ఎదుట కపాలం పెట్టి, కళ్లు మూసి మంత్రం అందుకున్నాడు. కారుమబ్బులు ఉరిమాయి... నది వెనక్కి నడవసాగింది! గుంజలు మునుగుతున్నాయి. పడవ మాత్రం పైకి లేవలేదు. నా తాళ్లు దాన్ని అడుగుకే పట్టి ఉంచాయి. నీళ్లు అంచు దాటాయి.

నేను ఒడ్డు నుంచి కదిలాను.

"తాడు ముట్టినోళ్లు రక్తం కక్కి సస్తరు!" కళ్లు తెరిచి గర్జించాడు బుచ్చయ్య.

నా కాళ్లు ఆగిపోయాయి... ఎంతసేపో.

అప్పుడు వినిపించింది, మూడు నెలల తర్వాత, అక్క సొంత గొంతు.

"హారికా... తాడు ఇప్పవే. సలి పెడ్తుంది."

దూకాను. ముళ్లు నీటి అడుగున ఉన్నాయి. నానిన తాడు రాయిలా బిగుసుకుంది. నా గోళ్లు ఊడాయి, ముడి ఊడలేదు. ఆ మంత్రాన్ని, ఆ కపాలాన్ని, ఆ మాంత్రికుణ్ని సముద్రం ఒక్క గుక్కలో మింగేసింది... మా అక్కతో సహా.

నీళ్లు దిగాక మంగేష్ అక్క శవాన్ని ఒడ్డుకు చేర్చాడు. బుచ్చయ్య దొరకనే లేదు.

మంగేష్‌ను శవం దగ్గర ఉంచి, సాయంత్రం ఒంటరిగా చాల్ మెట్లెక్కాను. పెద్దమ్మ నా వెనక మెట్ల వైపు చూసింది. జరిగిందంతా చెప్పాను.

"ముడి ఎవలేసిండ్రు?" అడిగింది పెద్దమ్మ.

"నేనే, పెద్దమ్మా."

వంగి, గుమ్మం బయట ఉన్న అక్క చెప్పులను చేతుల్లోకి తీసుకుంది. వాటిని లోపల పెట్టుకుని తలుపు వేసుకుంది.