గుండె గీతల అంచు

ఆ మధ్యాహ్నం జులేఖా చేతిలో ఉన్నవి రెండే. ఒకటి, భర్త గుండె గీతలు పడిన పొడవాటి గళ్ళ కాగితం. రెండోది, ఒక గంట టైము. అందులో పది నిమిషాలు అప్పుడే ఖర్చయిపోయాయి!

ఆలేరులోని ఆ చిన్న దవాఖానలో మెహమూద్ ఛాతీ పట్టుకుని మెలికలు తిరుగుతున్నాడు. డాక్టరు చెమట తుడుచుకుంటూ ఆమెను పక్కకు పిలిచాడు.

"గడ్డ కరిగించే సూది ఒక్కటి నా దగ్గర ఉందమ్మా. గుండెపోటైతే గంటల్నే ఇయ్యాలె. కానీ పోయినేడు నెత్తురు కక్కిండు కద? ఇది కడుపుల పుండు నొప్పే అయితే, ఈ సూదితోటి లోపల రక్తం ఆగదు. గీతలు నాకు సాఫ్‌గ తెలుస్తలేవు. పట్నంల గుండె డాక్టరుకు ఫోన్ చేసిన, కాగితం పంపుమన్నడు. స్టేషన్ కాడ ఫ్యాక్సు మిషన్ ఉంది... ఉరుకు!"

ఫ్యాక్సు! ఊళ్ళో ఆ మిషన్ ఉన్నది జులేఖా మరిది కరీం ఒక్కడి దగ్గరే. మూడేళ్ళ కింద అన్న బట్టల దుకాణంలో తన వాటా తీసుకుని అతను టెలిఫోన్ బూత్ పెట్టాడు. "మీటరు బద్ద పెట్టి కొలవరాని సరుకట! వీడు గాలి అమ్ముతడట!" అని మెహమూద్ పదిమందిలో నవ్వాడు. ఆ నవ్వుతో మాట తెగింది. "వాని గడప తొక్కితే నా గడపకు రాకు" అని భార్యను కట్టడి చేశాడు. తన చేతి ముద్దలు తిని పెరిగిన పిల్లాడు బజారులో ఎదురైతే ఆమె తల దించుకుని పోయేది... ఆ మూడేళ్ళ బరువు అన్నదమ్ములిద్దరిలో ఏ ఒక్కరైనా మోశారా? ఆమే మోసింది!

ఉరికింది.

"భాభీ! నువ్వా? భయ్యాకు తెలుసా?" కరీం కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"ఆయన బతికితే నేనే చెప్త! జల్ది పంపు కరీం... మీ భయ్యా గుండె కాగితం!"

కరీం కాగితం విప్పి చూశాడు. "గింత పొడుగు కాగితం మిషన్ల పోదు భాభీ. ముక్కలు కోసి తెల్ల కాగితాల మీద అతికియ్యి. నేను లైను కలుపుత."

కత్తెర ఆమె చేతికి కొత్త కాదు. ఇరవై ఏళ్ళుగా దుకాణంలో రవికెలూ చొక్కాలూ కోస్తున్న చెయ్యి. కొలతల అంకెలు వేసేది అంచు మీదే, కోత అయ్యాక ఆ అంచు చెత్తలోకే. చెయ్యి తన అలవాటు ప్రకారం గీతల తీరు మారిన చోటల్లా కాగితాన్ని పన్నెండు ముక్కలుగా కోసి, అంచులు తీసి, నీటుగా అతికించింది. మిషన్ కీచుమంటూ కాగితాలను మింగింది.

నాలుగు నిమిషాలకు పట్నం నుంచి ఫోన్ మోగింది. కరీం రిసీవరు మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"భాభీ... ఏ ముక్క ఛాతీ మీద ఏ తావుదో దవాఖానల కంపౌండర్ యాదయ్య పెన్సిలుతోటి అంకెలు ఏసిండని మన డాక్టరు చెప్పిండట. అవి యాడున్నయని అడుగుతుండ్రు! అవి లేకుంటే చెప్పరాదట!"

"యా అల్లా! అంచు మీదివా? నేనే కోసి పారేస్తినే! నా చేతులు విరగ!"

జులేఖా నేల మీదికి వంగి చూసింది. ఫ్యాను గాలికి, కోసేసిన సన్నటి కాగితం పేలికలు బల్ల కిందికీ, గుమ్మం దాకా ఎగిరిపోయి ఉన్నాయి.

"అన్నీ ఒక్క తీరుగనే ఉన్నయి భాభీ. ఏది దేనిదో ఎట్ల తెలుస్తది?"

"ముందు ఫ్యాను బందు చెయ్యి! ఏ కోతా ఇంకో కోత లెక్క ఉండదురా. వంకర ఉంటది... గళ్ళు కలవాలె..."

మోకాళ్ళ మీద పాకుతూ ఒక్కొక్క పేలికా ఏరింది. వంకరకు వంకర, గడికి గడి ఆనించి చూసింది. కళ్ళల్లో నీళ్ళు... తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు! కరీం పక్కనే కూర్చుని బంక రాశాడు. పన్నెండూ కలిశాయి. కాగితాలు మళ్ళీ పోయాయి.

ఈసారి కరీం మొదటి మోతకే ఫోన్ ఎత్తి విన్నాడు. "గుండెపోటేనట భాభీ! కడుపు పుండుతోటి ఖతరా ఉందట, కానీ సూది ఇయ్యకుంటే అంతకన్న ఎక్కువ ఖతరానట. ఇంటోళ్ళు ఒప్పుకోవాలట. నీ మాటేనట!"

ఇస్తే పోవచ్చు. ఇవ్వకపోతే పోవడం దాదాపు ఖాయం. జులేఖా లేచి నిలబడింది.

"ఇయ్యిమను. ఏమైనా నా మీదనే."

పొద్దు వాలేసరికి మెహమూద్ నొప్పి దిగింది. నెత్తురు కక్కలేదు. కళ్ళు తెరిచి గుమ్మంలో నిలబడ్డ తమ్ముణ్ణి చూశాడు.

"యాడిదాక పోయిందిరా నీ గాలి?"

"పట్నందాక పోయొచ్చింది భయ్యా," అని కరీం వెక్కివెక్కి ఏడ్చాడు.

మెహమూద్ భార్య వైపు తిరిగాడు. "నా మాట కాదన్నవు."

"కాదన్న. మల్ల పనిపడితే మల్ల కాదంట!"

అతను ఆమె వేళ్ళకు ఎండి అంటుకున్న బంకను గోటితో మెల్లగా తీస్తూ ఉండిపోయాడు...

ఆ తర్వాత మెహమూద్ బట్టల తాన్ల బరువు ఎత్తలేకపోయాడు. దుకాణం గల్లాపెట్టె ముందు జులేఖా కూర్చుంది. నెలనెలా గుండె కాగితం పట్నం పోతూనే ఉంది. ఒకరోజు కరీం దుకాణంలోకి దూసుకొచ్చాడు.

"బీడీ వాసన ఒస్తుంది! డాక్టరుకు ఫ్యాక్సు పెట్టాల్నా?"

"పెట్టుకోరా! నీ డబ్బాకు భయపడ్తనా?"

"నోర్మూసుకుని పారెయ్యి భయ్యా!"

"నా దుకాణంల నాకే చెప్తవా? పో బయటికి!"

బజారంతా వినేలా అరుచుకుంటున్నారు. జులేఖా ఎవరినీ ఆపలేదు. పోయింది మొగుడి గుండెలో సగం బలం. వచ్చింది, మూడేళ్ళ తర్వాత ఇద్దరన్నదమ్ముల కొట్లాట. లాభమే అనుకుని ఆమె చాయ్ మూడు కప్పులు చెప్పింది.