బల్ల మీది యంత్రం

చంద్రుడి మీద కాపురం పెట్టినవాళ్లకు నిజమైన అన్నం ఆదివారమే. మిగతా రోజులన్నీ మాత్రలే. గాజు మళ్లలో పండిన ఆ కాసిని బియ్యం వండిన పూట కూడా శ్రీపతి కలిపిన ముద్ద చేతిలోనే పట్టుకుని ఎటో చూస్తూ కూర్చునేవాడు. అందరికీ ఉన్నట్టే అతని చెవి వెనకా ఒక తలగణిని ఉంది. ఆవగింజంత కంప్యూటరే, కానీ ఆఫీసు పనంతా కళ్ల ముందు ఆడిస్తుంది. నిద్రలోనూ వదలదు.

"ఏమండీ, ఎక్కడున్నారు?" అని భార్య వకుళ అడిగితే, "ఇక్కడే" అనేవాడు. ఆమెకు ఒళ్లు మండేది. ఎదురుగా ఉన్న మనిషి మీద ఇంత బెంగేమిటో ఆమెకే అర్థమయ్యేది కాదు.

వకుళ యంత్ర శాస్త్రవేత్త. తలగణినికి బదులేమైనా చేయవచ్చేమోనని పాతకాలపు కంప్యూటర్ల గురించి గ్రంథాలయ యంత్రాన్ని అడిగింది.

"డెస్క్‌టాప్‌లో పెట్టె, తెర, కీబోర్డు వేరువేరు. బల్ల మీదే ఉంటుంది. శక్తి ఎక్కువ, పాడైన భాగం మార్చడం తేలిక. ల్యాప్‌టాప్‌లో అన్నీ ఒకే మడతలో ఇమిడిపోతాయి. బ్యాటరీతో నడుస్తుంది. ఒళ్లో పెట్టుకోవచ్చు."

"చేసే పని ఒకటే అయితే రెండు రకాలెందుకు?" వకుళ తికమకపడింది. "ఇంతకీ ఏది మంచిది?"

"వెంట తీసుకెళ్లాలా?"

"వద్దు! అక్కడే వదిలేసి లేచి రావాలి."

"అయితే డెస్క్‌టాప్."

వకుళ అదే తయారుచేసింది. "ఇంత గంగాళమా!" అని శ్రీపతి నవ్వాడు. కానీ నిద్రకు మొహం వాచి ఉన్నాడేమో, తలగణిని తీయించుకున్నాడు. ఆ ఆదివారం పప్పులో ఉప్పు తగ్గిందన్నాడు. సంతోషంతో వకుళకు ఏడుపొచ్చింది.

తర్వాతి ఆదివారం రెండు ముద్దలు తిని బల్లకేసి చూశాడు. ఆపైన సాయంత్రాలన్నీ వర్క్‌షాపులోనే గడిపాడు. ఎందుకో చెప్పలేదు.

మళ్లీ అన్నం వండిన రోజు ఒళ్లో తువ్వాలు కప్పుకుని భోజనానికి కూర్చున్నాడు. ఎడమచెయ్యి దానికిందే ఉంది. చూపూ అక్కడే. వకుళ తువ్వాలు లాగేసింది. పుస్తకంలా తెరుచుకున్న పలక. పైన తెర, కింద కీబోర్డు.

"ల్యాప్‌టాప్ సంగతి మీకెవరు చెప్పారు?"

"ల్యాప్‌టాపా? అంటే ఏమిటి?" శ్రీపతి తెల్లబోయాడు. "ఆ పెట్టె మొయ్యలేక నేనే చేసుకున్నాను."

నవ్వాలో ఏడవాలో ఆమెకు తెలియలేదు. నాలుగు దులిపేద్దామని దగ్గరకు జరిగి, వంగి చూసింది.

"ఈ మడతబందులోంచి తీగలెలా పోనిచ్చారు?"

"చూపిస్తా, ఇలా కూర్చో."

కూర్చుంది. రెండు కంచాల్లోనూ అన్నం చల్లారిపోయింది.