వన్, టూ, మూడు

"మా నాన్న గొంతు కోసింది మీరేనా?"

అంత పెద్ద నేరం మోపుతున్న మనిషి చెప్పులు మాత్రం గుమ్మం బయట పద్ధతిగా విడిచి వచ్చింది.

అతను హెడ్‌ఫోన్స్ ఒక చెవి మీంచి తప్పించాడు. రెండో చెవి ఇంకా పాటకే వదిలేశాడు. "ఏ నాన్నగారండీ?"

"అంటే చాలామందివి కోశారన్నమాట."

అతని పని పాత కచేరీల టేపులు బాగుచెయ్యడం. ఎవరి అటక మీదో, ఏ పెట్టె అడుగునో పడున్న కేసెట్లు తెచ్చి, బుసబుసలూ గరగరలూ తీసేసి తన ఛానల్లో అందరికీ ఊరికే వినిపిస్తాడు. మరీ అంత నున్నగా తుడుస్తాడని వినేవాళ్ళు 'చీపురు' అని పేరు పెట్టారు. అది బిరుదనుకుని అతను ఛానల్ పేరే అలా మార్చుకున్నాడు.

"పోయిన వారం పెట్టారే, మైదానంలో కచేరీ. ఆ కేసెట్ మాది. మా మావయ్య తెచ్చిచ్చాడు."

"అదా. ఎంత బాగా వచ్చిందో కదండీ. గాయకుడు ఊపిరి పీల్చడం కూడా వినిపిస్తుంది."

"ఆయన ఊపిరి మాకెందుకండీ. పాటకి ముందు ఒకాయన మైక్ టెస్టింగ్ అంటాడు. అదేది?"

"అది చెత్తే కదండీ. తీసేశాను."

ఆమె కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుంది. ఎదుటివాడికి చూపు ఎంత తక్కువో ఇట్టే అంచనా కట్టగలదు. ఇతనికి బాగా తక్కువ.

"ఆ చెత్త మా నాన్నండీ. మైక్ సెట్ అద్దెకిచ్చేవాడు. అందరి గొంతులూ పెద్దవి చేశాడు గానీ తన గొంతు ఎక్కడా దాచుకోకుండానే పోయాడు. మిగిలింది ఆ ఒక్క ముక్క. మా ఇంట్లో టేప్‌రికార్డర్ మూలనపడి ఏళ్ళయింది. మీరు వినిపిస్తారని అమ్మ కేసెట్ పంపించి, వారం నుంచీ ఫోన్ చెవికి ఆనించుకు కూచుంది. మీ గాయకుడు ఊపిరి తీస్తున్నాడు, మా నాన్న నోరు విప్పడం లేదు."

అతను రెండో చెవి మీంచి కూడా హెడ్‌ఫోన్స్ తీశాడు.

"కొయ్యక ముందుది ఉంటుంది కదా?" అందామె.

"చోటు చాలక ఎప్పటికప్పుడు తీసేస్తుంటాను."

"చీపురు కదా మరి."

"కేసెట్ ఉందిగా, మళ్ళీ ఎక్కిద్దాం," అంటూ సొరుగు లాగినవాడు లాగినట్టే ఆగిపోయాడు.

"ఇంకా ఏం చేశారు?"

"నేను కాదండీ, మిషను. చివర్లో వెనక్కి తిప్పుతుంటే మొదటి భాగం కాస్త నమిలింది."

"మింగలేదు కదా. చాలా సంతోషం."

టేపు మొదలంతా నలిగి, మడతలుపడి, పసిపిల్ల జడలోంచి ఊడొచ్చిన రిబ్బన్‌లా ఉంది. కేసెట్ విప్పితే గానీ సరిచెయ్యడం కుదరదు. అతని స్క్రూడ్రైవర్ ఆ బుల్లి మరల్లో పట్టలేదు. ఆమె హ్యాండ్‌బ్యాగ్ తెరిచి, కళ్ళజోడు కాడలు బిగించేది తీసిచ్చింది.

"మీరు స్క్రూడ్రైవర్ వెంటేసుకు తిరుగుతారా?"

"మీలాంటివాళ్ళు తగులుతారని."

ఒక్క పూటలో అయ్యే పని కాదన్నాడతను. అయితే షాపు నుంచి రోజూ ఇటే వచ్చి, ఎదురుగా కూచుని చేయించుకుంటానంది. ఎందుకంటే, నమ్మకం లేదు.

అతను టేపుని గాజుపలక మీద పరిచి, మెత్తటి గుడ్డతో మడత మడతా సాపు చేసేవాడు. ఆమె రెండో కొస పట్టుకునేది. మధ్యలో వేళ్ళు తగిలితే ఇద్దరూ తప్పు టేపు మీదికి నెట్టేవాళ్ళు.

"ఇంకా నమ్మకం కుదరలేదా?" అంది ఇంట్లో అమ్మ.

"లేదమ్మా."

"రోజుకో కొత్త డ్రెస్ వేసుకు వెళ్తే ఎలా కుదురుతుందే."

ఒకరోజు కిటికీ అద్దాల మీద వాన పెద్ద కచేరీ పెట్టింది.

"ఈ చప్పుడు కూడా తీసేస్తారా?" అందామె.

"మొన్నటిదాకా అయితే తీసేసేవాణ్ణి."

ఆమె వాన చూడాలనుకున్నట్టు కిటికీ వైపు తిరిగింది. నవ్వు అతనికి కనపడితే అలుసైపోదూ.

టేపు సిద్ధమైన రోజు అమ్మని వెంటబెట్టుకొచ్చింది. మిషను తిరిగింది. కాసేపు బుస. నలిగినచోట వణుకుతూ, ఎక్కడో నీళ్ళలోంచి తేలినట్టు ఒక గొంతు పైకొచ్చింది.

"హలో. హలో. వన్, టూ, మూడు."

"త్రీ అనడం ఆఖరిదాకా అలవాటు కాలేదు," అంది అమ్మ, కదలకుండా.

"చివరి వరసలో పచ్చ గొడుగుగారూ, మీకు వినిపిస్తోందా?"

జనం నవ్వులు. తర్వాత పాట. అతను ఆపేశాడు.

"ఆ గొడుగు నాదే," అంది అమ్మ. "వినిపిస్తోందని చెయ్యెత్తాను. ఆ చెయ్యి పట్టుకున్న మనిషి మళ్ళీ వదిలితేగా."

"నాకెప్పుడూ చెప్పలేదేం? మీది పెద్దలు కుదిర్చిన సంబంధం కదా?"

"అలాగని అందరికీ చెప్పేశాంగా. మళ్ళీ మాట మార్చడం ఎందుకని." అమ్మ కళ్ళు తుడుచుకుంది. "మళ్ళీ పెట్టు బాబూ. పాట వద్దు, అది ఎక్కడైనా దొరుకుతుంది."

ఎన్నిసార్లు పెట్టాడో ఎవరూ లెక్కపెట్టలేదు. వెళ్ళేముందు అమ్మ గుమ్మంలో ఆగింది. "ఇక దీనికి ఇక్కడికి రావడానికి సాకు లేదు. మా అన్నయ్య ఇంట్లో ఇంకో కేసెట్ ఉందేమో వెతికిస్తాను."

"అమ్మా."

"నేను పాటల గురించే అంటున్నాను."

అతను కచేరీని మళ్ళీ పెట్టాడు, ఈసారి మైక్ టెస్టింగ్‌తో సహా. 'చీపురు అరిగిపోయిందా?' అని అభిమానులు కింద రాశారు. అవునని జవాబిచ్చాడు.

మర్నాడు షాపులో ఆమె ఒక పెద్దాయన కళ్ళజోడు కాడ బిగిస్తుండగా వాయిస్ మెసేజ్ వచ్చింది. చెవికి ఆనించుకుంది. చెప్పుల టపటప, వాన, ఎవరో హారన్ కొట్టడం, అతను గుటక వెయ్యడం. ఏదీ తుడవలేదు.

"హలో. వన్, టూ, మూడు. కళ్ళజోళ్ళ షాపుగారూ, మీకు వినిపిస్తోందా?"

అద్దాల తలుపు అవతల, రోడ్డుకి ఆ పక్కన, పచ్చ గొడుగు కింద నిలబడున్నాడు. కొత్తది, ఇంకా ధర చీటీ వేలాడుతూనే ఉంది.

ఆమె చెయ్యెత్తింది. చేతిలో పెద్దాయన కళ్ళజోడు కూడా పైకి లేచింది.

"ఏంటమ్మాయ్, అక్కడేముంది? నాకేం కనపడ్డం లేదు," అన్నాడాయన.

"నాకు కనపడుతోందండీ. మీరు కాసేపలా కూచోండి."