ఉప్పుగాలి వాళ్ళ వీడియో

తెనాలిలో దేవకుమారి ఇంట్లో ఇడ్లీ వాయి దిగే వేళకి రూబీ ఫోను టింగుమంది. రేపల్లెలో కాపురముంటున్న కూతురు నాలుగు రోజులుండి పోదామని పిల్లతో వచ్చింది. పుట్టింటికొస్తే ఫోను వదలదు, చెయ్యి కదపదు. మనవరాలు ఇంకా లేవలేదు.

"ఎవరే పొద్దున్నే?" అంది దేవకుమారి చట్నీకి పోపు పెడుతూ.

"రియాజ్ అమ్మా. బాపట్లలో మా బ్యాండులో గిటార్ వాయించేవాడు, గుర్తున్నాడా?"

గుర్తులేకేం. ఆవిడ చేతిలో గరిట ఆగింది, ఆవాలు మాడాయి.

పన్నెండేళ్ళ కిందటి మాట. బాపట్లలో చదువుకునే రోజుల్లో రూబీ, రియాజ్, మరో ఇద్దరు కలిసి 'ఉప్పుగాలి' అని పేరు పెట్టుకుని సొంతంగా పాటలు కట్టేవాళ్ళు. ఒక పాటకి వీడియో కూడా తీశారు. స్టూడియోకి డబ్బులెక్కడివి? ఫోనుకి పాలిథిన్ కవరు చుట్టి సూర్యలంక ఒడ్డున బొమ్మ తీశారు. గొంతేమో ఇదే ఇంటి పక్కగదిలో, కిటికీలకి దుప్పట్లు కట్టి రికార్డు చేశారు. వీడియో పూర్తికాకముందే రూబీని పిలవడం మానేశారు. ఎందుకని అడగడానికి రూబీకి అభిమానం అడ్డొచ్చింది. "నా గొంతు వాళ్ళకి పనికిరాలేదమ్మా" అని ఏడ్చి ఊరుకుంది. ఆ తర్వాత చర్చిలో కూడా పెదాలు కదపడమే గాని పాడింది లేదు. రూబీ పెళ్ళయి వెళ్ళేదాకా, పక్కనే నిలబడే దేవకుమారికి ప్రతి ఆదివారం ఆ సంగతి తెలుస్తూనే ఉండేది.

"పాత మెమరీ కార్డులో ఆ వీడియో దొరికిందట, చూద్దువుగాని రా" అంటూ రూబీ ఫోనుని గోడకి ఆనించింది.

తెర మీద సముద్రం ఊగిపోతోంది, తీసినవాడి చెయ్యి అలాంటిది. తడిసిన ప్యాంట్లతో పిల్లలు నవ్వుతున్నారు. రూబీ పాడుతోంది. అబ్బ, ఎంత ధైర్యంగా ఉందో ఆ గొంతు. పాట మధ్యలో ఉన్నట్టుండి ఒక కేక వినిపించింది. "రూబీ, పాలు పొంగుతున్నాయే!"

దేవకుమారి కేకే అది. తీసెయ్యకుండా అలాగే ఉంచారు. ఆ కేక తర్వాత రూబీ నవ్వాపుకుంటూ పాడిన ముక్కలోనే ఉంది పాట అందమంతా. చివర్లో పేర్లు పడ్డాయి. అన్నిటికన్నా ముందు 'పాడినది: రూబీ', అన్నిటికీ ఆఖర్న 'మధ్యలో కేక: దేవకుమారి ఆంటీ'.

రూబీ నవ్వబోయి ఆగిపోయింది.

"నా గొంతే ఉంచారు కదమ్మా. మరి నన్నెందుకు వద్దనుకున్నారు? ఇప్పుడేమో ఆదివారం బాపట్ల రా అక్కా, మళ్ళీ పాడదాం, ఇప్పటికైనా నీ మనసు మారిందేమోనని రాశాడు. నా మనసు మారడమేంటి?"

దేవకుమారి ప్లేట్లు సర్దుతూ ఉండిపోయింది.

"రానని చెప్పేస్తాలే. వద్దన్నవాళ్ళ దగ్గరికి ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?"

"అలా చెప్పకు. వాళ్ళు వద్దనలేదు."

"నీకెలా తెలుసు?"

"నేనే వెళ్ళానే బాపట్ల, నీకు తెలీకుండా. మా అమ్మాయికి ఇష్టం లేదు, మొహమాటానికి చెప్పలేకపోతోంది, ఇంక పిలవకండి బాబూ అన్నాను. ఈ మాట నీ దగ్గర ఎత్తొద్దని ఒట్టు కూడా వేయించుకున్నాను."

రూబీ అరుస్తుందనుకుంది దేవకుమారి. అరిచినా బాగుండేది.

"మాన్పించావని కాదమ్మా" అంది రూబీ. "అప్పుడే నా మొహాన వద్దని చెప్పుంటే పోట్లాడేదాన్ని, నాలుగు రోజులు అన్నం మానేసేదాన్ని, అయిపోయేది. నా గొంతు బాగాలేదని నేననుకుంటుంటే పక్కన కూర్చుని విన్నావు చూడు. ఇన్నేళ్ళూ విన్నావు. పిల్లకి జోల పాడాలన్నా సిగ్గేసేది నాకు. ఫోన్లో పాటలు పెట్టి పడుకోబెట్టాను."

ఆ సంగతి దేవకుమారికి తెలీదు. తను చేసిన పాపం కూతురి దాకానే అనుకుంది. మనవరాలి ఉయ్యాల దాకా వెళ్ళిందని ఇప్పుడే తెలిసింది. పీట లాక్కుని కూర్చుంది.

"ఆ అబ్బాయికి ఫోన్ కలుపు" అంది.

రూబీ కలిపి ఇచ్చింది.

"బాబూ రియాజ్, నేను దేవకుమారి ఆంటీని. ఆ రోజు నీతో చెప్పింది అబద్ధం నాన్నా. రూబీకి ఏమీ తెలీదు."

"అయ్యో ఆంటీ" అన్నాడు రియాజ్. "అక్కకే ఇష్టం లేదనుకుని వీడియో ఎక్కడా పెట్టలేదండి. వేరేవాళ్ళతో పాడించబుద్ధి కాలేదు. అంతటితో అందరం మానేశాం."

ఒక్క కూతుర్నే ఆపాననుకున్న మనిషి నలుగురినీ ఆపేసింది. ఫోను కూతురి చేతికిచ్చేసింది.

రూబీ పక్కన చతికిలబడింది. "ఒక్కటి నిజం చెప్పమ్మా. నా గొంతు బాగుండేదా?"

"బాగుందనే కదే భయపడ్డాను" అంది దేవకుమారి. "అప్పటికి మీ నాన్న పోయి ఏడాది కాలేదు. మీరు హైదరాబాద్ వెళ్దామనుకుంటున్నారు. ఆ గొంతుతో వెళ్తే నువ్వింక ఈ ఇంటికి రావనిపించింది. ఆ ఒక్క మాటా చెప్పలేక, బాగాలేదనుకుంటే అనుకోనీ అని ఊరుకున్నాను."

రూబీ తల్లి ఒళ్ళో తలపెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ తల నిమరాలని ఉన్నా దేవకుమారికి చెయ్యి రాలేదు. చాలాసేపటికి రూబీయే ఆ చెయ్యి తీసుకుని తన తల మీద పెట్టుకుంది.