ఏడో మెట్టు దగ్గర పిలుపు

మనీలాకు దూరంగా ఉన్న మా ఊళ్లో, కేథడ్రల్ గంటల గోపురం గుడికి అంటుకుని ఉండదు. భూకంపం వస్తే గుడి మీద కూలకూడదని పాతకాలం వాళ్లు దాన్ని ముప్పై అడుగుల దూరంలో కట్టారు. చీకటి పడ్డాక ఆ ముప్పై అడుగులూ ఎవరూ నడవరు.

ఎదురుగా మైదానంలో మాంసం కూరిన కజ్జికాయల్లాంటి ఎంపనాడాలు వేగుతుంటాయి, జనం నవ్వుకుంటూ తింటుంటారు. గోపురం వైపు మాత్రం ఎవరూ తిరిగి కూర్చోరు. తప్పనిసరై ఆ పక్కగా వెళ్లాల్సి వస్తే తల వంచుకుని, "అయ్యా, కాస్త జరగండి, మీ పిల్లలం వెళ్తున్నాం" అని గొణుక్కుంటూ పోతారు.

ఆ అయ్య బల్తసార్ ఫాదర్. రెండు వందల ఏళ్ల కిందట, తిరుగుబాటు రోజుల్లో, గుడి వెండినంతా గోపురంలో దాచాడట. ఆయన చేతుల్లో పెరిగిన గంటలవాడే శత్రువులకు మెట్లు చూపించాడు. ఏడో మెట్టు మీద ఆయన్ని చంపారు. అప్పటి నుంచి రాత్రిపూట పైనుంచి ఎవరో దిగుతుంటారు... ఒక్కో మెట్టూ... ఏడో మెట్టు దగ్గర అడుగుల చప్పుడు ఆగిపోతుంది.

మా ఊళ్లో వీధికో బిషప్పు పేరుంది, గోడకో పాలరాతి పలక ఉంది. బల్తసార్ ఫాదర్‌కీ ఒకటుంది. ఆయన్ని పట్టిచ్చినవాడి పేరు మాత్రం ఎక్కడా లేదు. వాడి మునిమనవలు ఊళ్లోనే ఉన్నారేమో, మొహమాటం కదా.

ఇప్పుడు చెప్పబోయే సంగతి నాకు చెప్పింది విసెంతా అక్క. ఆ గోపురంలోనే, ఏడో మెట్టు పైన ఉన్న చిన్న గదిలో, వ్యాకులమాత విగ్రహానికి నల్ల అంగీ తొడుగుతూ చెప్పింది.

గుడ్ ఫ్రైడే నాడు తేరు మీద ఊరేగే స్వరూపాలు మాకు గుడివి కావు, ఇళ్లవి. వ్యాకులమాత విసెంతా అక్క వాళ్ల ఇంటిది. అయిదు తరాలుగా ఆ ఇంటి ఆడవాళ్లే ఆమెకు బట్టలు మారుస్తున్నారు. అంగీ లేకుండా ఆమెను మగవాళ్లు చూడకూడదు. ఒళ్లు చెక్క, విడిగా తీసి పెట్టే ముఖమూ చేతులూ దంతం. ఆ ముఖం పోతే ఆ ఇంటికి ఇక పేరు లేదు.

ఆ ముఖానికి ఎడమ చెవి వెనక వెంట్రుకంత పగులు ఉంది. తొమ్మిదేళ్లప్పుడు అక్క చేతిలోంచి జారి పడింది. భయపడి ఎవరికీ చెప్పలేదు, తమ్ముడికి కూడా.

తమ్ముడు గుమెర్సిందో. ఊరంతా సిందో అంటారు. అమ్మానాన్నా పోయాక అక్కే పెంచింది. వాడి కోసమే పెళ్లి మానుకుంది. ఆ మాట ఆమె చెప్పదు గానీ ఊరంతా చెబుతుంది.

తుఫానుకు ఇంటికప్పు లేచిపోయినప్పుడు, స్వరూపాన్ని గోపురంలో పెడదామన్నది సిందోయే. "బల్తసార్ ఫాదర్ కాపలా ఉండగా దొంగలు రారులే అక్కా" అని నవ్వాడట. తాళంచెవులు రెండే, ఒకటి ఆమెకు, ఒకటి అతనికి.

తరవాత ఒకరోజు, జ్ఞాపకంగా ఉంటాయని, ఆ ముఖాన్ని అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీశాడు. దీపం పట్టుకుని నిలబడింది అక్కే.

ఆ తరవాత అడుగుల చప్పుడు తానూ విన్నానని చెప్పడం మొదలుపెట్టాడు. చీకటి పడ్డాక రావద్దు, నీ గుండె అసలే అంతంత మాత్రం అనేవాడు. నా తమ్ముడికి నా మీద ఎంత ప్రేమో అని ఆమె మురిసిపోయింది.

మాతను అలంకరించేది అప్పట్లో గురువారం పొద్దున. ఆ ఏడు గురువారం గుడిలో వేరే పని పడింది. బుధవారం సాయంత్రమే అయిపోగొడదామని, ఎవరికీ చెప్పకుండా, అక్క ఒక్కతే బయల్దేరింది. ప్రార్థన గంట మోగి ఆగింది. కరెంటు పోయింది.

తలుపు తోస్తే తెరుచుకుంది. తాళం వేసి లేదు.

లోపల అడుగు పెట్టిందో లేదో... పైన చప్పుడు.

ఒక మెట్టు... ఇంకో మెట్టు...

అక్క కొవ్వొత్తి ఆర్పేసింది. మెట్ల కింద పాత పగిలిన గంట ఒకటి పడి ఉంటుంది, దాని వెనక నక్కింది. అడుగులు దిగుతూ వచ్చి... ఏడో మెట్టు దగ్గర ఆగాయి.

చీకట్లో ఊపిరి చప్పుడు. తరవాత గుసగుస.

"రా, పోదాం... ఇక్కడే ఉండిపోకు..."

భయపడ్డ చోటు నుంచి మనిషి వచ్చేసినా, ప్రాణం అక్కడే ఉండిపోతుందని మా నమ్మకం. అందుకే బయటికొచ్చేటప్పుడు ఎవరి పేరు వాళ్లు పెట్టి పిలుచుకుంటాం. బాప్తిస్మం పేరు పనికిరాదు. ప్రాణం మొదట పలికింది ఏ ముద్దుపేరుకో, ఆ పేరే పెట్టాలి.

"ఇందోయ్... రా, పోదాం."

ఇందోయ్ అన్న పేరు ఆ అక్కాతమ్ముళ్లకు తప్ప లోకంలో ఎవరికీ తెలీదు. వాడికి ఏడేళ్లప్పుడు ఏట్లో పడి, మూడు రోజులు జ్వరంతో కళ్లు తెరవకపోతే, వాడి చొక్కా పట్టుకుని ఒడ్డున నిలబడి ఆమే పిలిచింది ఆ పేరుతో. ఆ రాత్రే జ్వరం దిగింది. అప్పటి నుంచి వాడు ఎక్కడ పిలుచుకున్నా, వాడి ప్రాణం తరఫున "వస్తున్నా" అని ఆమె పలికేది. అదొక ఆట వాళ్లకి.

"నోరు నా మాట వినలేదే" అంది అక్క నాతో.

గంట వెనక నుంచి, సన్నగా, పలికింది.

"వస్తున్నా..."

ఒక్క కేక. ఏదో దబ్బున పడింది. మనిషి ఆమె పక్క నుంచే తలుపు గుద్దుకుంటూ పారిపోయాడు.

పడిన మూటను తడిమి విప్పింది. వాళ్లమ్మ శాలువాలో చుట్టి ఉంది మాత ముఖం. దేవుడి దయ, చెక్కు చెదరలేదు. పైకి వెళ్లి కొవ్వొత్తి వెలిగిస్తే, పీఠం మీద మాత ఎప్పట్లాగే నిలబడి ఏడుస్తోంది. అదే ముఖం, అదే కన్నీరు. అక్క చెవి వెనక వేలు పెట్టి చూసింది. నున్నగా ఉంది, పగులు లేదు.

"దొంగతనం చేసినందుకు కాదు సెలింగ్," అంది. "అది నకలని నాకు తెలియనే తెలియదనుకున్నాడు చూడూ... నా చేతే దీపం పట్టించి మరీ."

శుక్రవారం అసలు ముఖంతోనే తేరు కదిలింది. సిందో లేడు. బుధవారం రాత్రి బస్సుకే మనీలా వెళ్లిపోయాడు. అక్క ఎవరికీ ఏమీ చెప్పలేదు.

నెల తిరక్కుండానే అతని భార్య అతని చొక్కా పట్టుకుని వచ్చింది. మనిషి తినడం లేదట, లేవడం లేదట. తన ప్రాణాన్ని పిలుచుకుంటుంటే బల్తసార్ ఫాదర్ పలికాడనీ, అది గోపురంలోనే ఉండిపోయిందనీ కలవరిస్తున్నాడట. పాపం, ఆమెకు అసలు సంగతి తెలీదు. "మీరు పిలిస్తేనే వస్తుందంటున్నాడు వదినా" అని ఏడ్చింది.

ముఖం గురించి ఏమైనా అన్నాడా అని అడిగింది అక్క. ఏ ముఖం అంది ఆ పిల్ల.

అక్క చొక్కా తీసుకుని వెళ్లింది. ఏడో మెట్టు కింద చాలాసేపు నిలబడింది.

"ఒక్క మాట చెప్పి పంపినా పిలిచేదాన్నే. తప్పయిపోయిందక్కా అని, ఒక్క మాట. నోరు తెరిచాను. పేరు రాలేదు." నాతో చెబుతూ సూది అంగీకి గుచ్చి ఆగింది. "బయటికొచ్చి, పిలిచాను పొమ్మన్నాను."

ఆ పిల్ల చేతులు పట్టుకుని దండం పెట్టి వెళ్లింది. తొమ్మిదో రోజున సిందో పోయాడు.

మాతకు ముసుగు సర్ది, ఇద్దరం దిగాం. అప్పటికే మసక పడింది. అక్క ముందు నడిచి వాకిట్లో తాళంచెవి వెతుక్కుంటోంది. నేను గడప దాటుతూ, అలవాటు కొద్దీ, గొణుక్కున్నాను.

"సెలింగ్, రా, పోదాం... ఇక్కడే ఉండిపోకు."

వెనక, మెట్ల మీద నుంచి, చిన్నపిల్లాడి గొంతులా...

"వస్తున్నా..."

అక్క ఆట పట్టిస్తోందేమో అనుకుందామంటే, అక్క నా ఎదుటే ఉంది, పెదాలు బిగించుకుని.

ఆమె లోపలికి చూడలేదు. తలుపు లాగింది.

"నిన్ను కాదు ఇందోయ్," అంది మెల్లగా. "నిన్నెవరూ పిలవలేదు."

తాళం వేసింది.