గోదాల ఇయ్యని చెయ్యి

రాండ్రి, రాండ్రి... జర దగ్గరికి జరుగుండ్రి. చిన్నపిల్లలను ఒళ్లె కూసోవెట్టుకోండ్రి. ఆంజనేయసామిని ఒక్కపారి మనసుల తలుసుకోండ్రి. నేను చెప్పేది ఆ సామి కండ్ల ముంగట జరిగిన ముచ్చట. విన్నది విన్నట్టే చెప్తున్న.

బెల్లంపల్లిల, బొగ్గుబాయి మూతవడ్డ ఒక బస్తీల, కుస్తీ నేర్పే తాలీం ఉన్నది. పగలంత పోరగాండ్ల లొల్లి. దీపం వెట్టినంక మాత్రం... మొన్నటిదాంక ఒక్కలు గడప తొక్కకపోతుండిరి. లోపట ఎవ్వరు లేకున్నా తొడ చరిచిన సప్పుడొచ్చేదట.

ఫట్... ఫట్...

ఆ తాలీంల ఫజలుద్దీన్ ఉస్తాద్ పెట్టిన కట్టుబాటు ఒకటున్నది. గెలిచినోడు పడ్డోనికి చెయ్యిచ్చి లేపాలె. లేపినంకనే మెడల దండ.

ఆయన శిష్యుడు సాగర్ ఆ కట్టుబాటు తప్పిండు. కొన్నేండ్ల కింద ఉగాది కుస్తీల, తోటి శిష్యుడు పరశురాములును గోదాల, అదే కుస్తీ పట్టే మట్టిల, ఎత్తి కొట్టిండు. పరశురాములుకు గట్టి దెబ్బ తాకి నడుము పట్టేసింది. మట్టిలకెళ్లి చెయ్యి సాపిండు.

"అన్నా... చెయ్యియ్యే..."

సాగర్ చేతులు కట్టుకున్నడు. "లేవరాదుర, పెండ్లిపిల్లవా?" అని నవ్వి, దండ కోసం అటు తిరిగిండు.

పరశురాములును మంచం మీద మోసుకపోయిండ్రు. ఆ మంచం మీదికెళ్లి మళ్ల లేవలే. పానం పోయినంక గూడ సాపిన చెయ్యి ముడుసుకోలేదట.

ఇగ మొన్నటి సంగతి. ఉస్తాద్ ముసలోడైండు. "ఎవరు మనసువెట్టి తాలీం సేవ చేస్తరో, సామి పండుగనాడు వాళ్లకే తాళంచెవి ఇస్త" అన్నడు. ఆ తాళంచెవి ఉన్నోడే రేపటి ఉస్తాద్. సాగర్‌కు చిన్ననాటి సంది అదొక్కటే ఆశ. పరుగున వచ్చిండు. పరశురాములు చెల్లె నవత గూడ వచ్చింది, ఆమె గూడ కుస్తీ పడ్తది. గోడలకు సున్నమేసిండ్రు, కప్పుకు పెంకలు సర్దిండ్రు. పండుగ ముందటి రోజు పొద్దుగూకేసరికి గోదాల మట్టి తిరగేసుడొక్కటే మిగిలింది.

"చీకటివడ్తుంది. నువ్వేనా అన్నా పొయ్యేది?" అన్నది నవత.

"నాకేం ఫికర్? గా గోదాల గెలిచినోన్ని."

"గెలిచినవ్. మట్టికి గూడ యాదున్నది."

సాగర్ పార పట్టుకొని లోపటికి పోయిండు. తాలీంల ఆంజనేయసామి ముంగట దీపమొక్కటే. మట్టి తవ్విండు, నూనె, పసుపు, మజ్జిగ కలిపిండు, చదును చేసిండు. ఎనుకకు తిరిగి చూస్తే...

మట్టిల మనిషి ఎల్లకిల పడ్డ అచ్చు!

మళ్ల చదును చేసిండు. మళ్ల అచ్చు.

ఫట్...

"ఎవర్రా? పావురాలు గావచ్చు..." అని తనకు తనే చెప్పుకున్నడు. పార దించిండు. దిగిన పార రాలే. కిందికెళ్లి ఎవరో పట్టుకున్నట్టు! బలమంత వెట్టి గుంజిండు — కాలు జారింది, దబ్బున ఎల్లకిల పడ్డడు. సరిగ్గ ఆ అచ్చులనే.

నడుము పట్టేసింది. లేవరాలే.

దీపమెనుక ఎవరో నిలవడ్డట్టున్నది. చేతులు కట్టుకొని...

"ఎవరన్న... జర చెయ్యియ్యిండ్రి..." అని సాగర్ చెయ్యి సాపిండు.

చెవుల గుసగుస. "నువ్వియ్యలే అన్నా... నేనిస్త."

చెయ్యి వచ్చింది.

పైకెళ్లి కాదు — మట్టిలకెళ్లి!

సల్లటి అయిదు వేళ్లు మణికట్టు పట్టి కిందికి గుంజుతున్నయ్. మోచెయ్యి మునిగింది. భుజం మునిగింది. నోట్లెకు మట్టి వచ్చింది.

"తప్పైంది తమ్మీ! లే... లే తమ్మీ!" అని ఒర్లిండు సాగర్, ఆనాడు అనాల్సిన మాట.

అప్పుడు ఇడిసింది పట్టు.

కేక ఇని ఉస్తాద్, నవత ఉరికొచ్చిండ్రు. చూస్తే గోదా అద్దమోలె చదునుగున్నది. సాగర్ ఒక్కడు మూలకు పాకి ముడుసుకొని కూసున్నడు.

తెల్లారి పండుగ. రాత్రి జరిగింది సాగర్ దాసిపెట్టిండు. ఎంతైనా సేవ చేసిండని, ఉస్తాద్ అందరి ముంగట తాళంచెవి తీసి వాని కుడిచేతుల వెట్టిండు.

వేళ్లు... ముడుసుకోలే.

తాళంచెవి కిందవడ్డది. మళ్ల వెట్టిండు. మళ్ల పడ్డది. సాపిన చెయ్యి సాపినట్టే ఉన్నది. మణికట్టు మీద ఎర్రమట్టి, అయిదు వేళ్ల గుర్తు. ఉస్తాద్ ఆ గుర్తు చూసిండు, సాగర్ మొకం చూసిండు. వంగి, తాళంచెవి తీసి నవతకిచ్చిండు.

ఇప్పుడు నవత రోజూ తలుపు తీసి, మట్టిల చెయ్యివెట్టి "లే అన్నా" అంటదట. ఇగ సప్పుడు రాదు. సాగర్ తాలీం గల్లీలకెళ్లి పోయిననాడు మాత్రం...

ఫట్!

బిడ్డలారా, ఒక్కటి యాదుంచుకోండ్రి. మీ ముంగట ఎవరన్న పడితే, వాడు ఓడినోడైనా, పగోడైనా, చేతులు కట్టుకోకుండ్రి. చెయ్యియ్యిండ్రి. ఇచ్చినంక ఇంకొకలకు గూడ గీ ముచ్చట చెప్పుండ్రి.