ఎర్రరాయిని దింపి రావడానికి

కాత్యాయని మనవరాలి బ్యాగులో ముందు స్వెట్టరు పెట్టింది, తర్వాత పులిహోర డబ్బా. రెండింటి మధ్య పసుపుగుడ్డలో చుట్టిన రాయిని సర్దింది. నిమ్మకాయంత ఎర్రరాయి. దాని మీద కుంకుమ ఇంకా చెరగలేదు.

"పోస్ట్‌లో పంపిద్దాం అమ్మమ్మా. అందరూ అలాగే రిటర్న్ చేస్తారట," అంది చైత్ర.

"పూజలందుకున్న దేవుణ్ణి పోస్టులో పంపుతారటే? పొద్దున్నే ఉద్వాసన చెప్పాను, నీ చోటికి నువ్వు వెళ్ళు నాయనా అని. చేత్తో అప్పగించి రా."

అంతకుముందు ఈస్టర్ సెలవుల్లో ఇద్దరూ ఉలురు అనే ఎర్రకొండ చూడ్డానికి విమానంలో వెళ్ళారు. ఎడారిలో ఒంటరిగా కూర్చున్న ఆ కొండ కాత్యాయనికి శివుడిలా కనిపించింది. కొండ పాదం దగ్గర ఒక రాయి తీసి కొంగున ముడేసుకుంది.

టూర్ బస్సు నడిపే భానుప్రసాద్‌ది కాకినాడ. పొద్దున ఈగలు ముసిరితే తన వలటోపీ చైత్రకిచ్చాడు, వెంటే ఫోన్ నంబరూ ఇచ్చాడు. తిరుగుప్రయాణంలో మాత్రం అందరినీ అడిగాడు. "ఎవరైనా రాళ్ళు తీశారా? ఈ నేల అనంగు ఆదివాసులది. గులకరాయి కూడా తీసుకెళ్ళకూడదు."

అతని చూపు కాత్యాయని కొంగు మీద ఆగింది.

"మా అమ్మమ్మ దొంగలా కనిపిస్తోందా?" చైత్ర లేచి నిలబడింది. కాత్యాయని భయంతో కొంగుముడిని గుప్పిట్లో దాచుకుంది. బస్సు దిగేలోపు అతని నంబరు బ్లాక్ అయింది.

జూలైలో కెల్లీవిల్‌లోని తమ ఇంటి పూజగదిలో దీపం పెట్టబోయి చైత్ర ఆ రాయిని చూసింది. నంబరు అన్‌బ్లాక్ చేసి, "సారీ. తెస్తున్నాను," అని మెసేజ్ పెట్టింది. "రండి" అని మాత్రమే జవాబొచ్చింది. క్షమించాడో లేదో అందులో తెలియలేదు.

ఉలురు ఎయిర్‌పోర్టులో ఎదురొచ్చిన భానుప్రసాద్ నవ్వలేదు.

"దొంగ రాలేదా?"

"దొంగ మనవరాలొచ్చింది. తిడతారా?"

"ముందు రాయి ఇవ్వండి. తర్వాత తిడతాను."

పార్కు ఆఫీసులో రేంజర్ రాయి మీది కుంకుమను ఒక్క క్షణం చూసింది. మెల్లగా రెండు చేతులా అందుకుంది. బయటికొచ్చేసరికి వాన. కొండ మీది నల్లచారల వెంట నీళ్ళు జారుతున్నాయి.

"ఇక్కడ వాన చూడ్డం లక్, తెలుసా?"

"రాయి తిరిగొచ్చినందుకేమో."

"మీరు తిరిగొచ్చినందుకు అంటే ఓవర్‌గా ఉంటుందా?"

"చాలా."

"అయితే అనను. ఆ డబ్బాలో పులిహోరేనా?"

డబ్బా సగమయ్యాక అన్నాడు. "ఇక్కడ క్లినిక్‌లో నర్సు కావాలట."

"పారమట్టా హాస్పిటల్లో నాది పర్మనెంట్ జాబ్."

"తెలుసు. అందుకే అడగడానికి భయం."

చైత్ర డబ్బా మూత పెట్టేసింది. "అడగండి."

"ఇక్కడ ఉండిపోతారా, నాతో?"

ఆమె మూత మళ్ళీ తీసి డబ్బా అతని వైపు జరిపింది.

భానుప్రసాద్‌ని పెళ్ళి చేసుకుని అక్కడే ఉండిపోతానని చైత్ర కాత్యాయనికి ఫోన్‌లో చెప్పింది.

"ఉద్వాసన రాయికి చెప్పానే, నీకు కాదు."

"అమ్మమ్మా, వద్దంటావా?"

"వద్దంటానా? మొహమాటానికి చూసీ చూడనట్టు ఊరుకోని పిల్లాడు. నా కొంగు చూసినప్పుడే తెలిసింది. మీ నాన్నకి నేను చెప్తాలే."

పెళ్ళి నవంబరులో కెల్లీవిల్‌లోనే జరిగింది. మర్నాడు ఇద్దరూ ఉలురుకు బయలుదేరారు. మనిషి ఊరెళ్ళిన రోజు ఇల్లు ఊడవకూడదని కాత్యాయని చీపురు ముట్టలేదు. పండగలకు చైత్ర చుట్టంగా వచ్చి వెళ్తోంది. ఆ నవంబరు తర్వాత ఆ ఇంట్లో ఉండడానికి మళ్ళీ రాలేదు.